నాలుగు వందల పది మంది, ఆరు భాషలు



బడిలో పౌరశాస్త్రం చెప్పేటప్పుడు మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫలానా సభలో సభ్యులు ఎందరు?" పిల్లవాడు సంఖ్య చెబుతాడు, మార్కు పడుతుంది, కూర్చుంటాడు. కిందటేడు ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఆ ప్రశ్నను నాకే తిప్పి వేసింది. "టీచర్, మన రాష్ట్రం అసెంబ్లీలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరు?" అంది. మాది కర్ణాటక సరిహద్దు ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో రెండూ. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. చట్టసభల్లో స్థానాలు తాలూకాల లెక్కన, జనాభా లెక్కన ఉంటాయి గాని ఇంటి భాష లెక్కన ఉండవు కదా.

సరిహద్దు జిల్లాల్లో బతికే మనకు ఇది చిన్న ప్రశ్న కాదు. మనం ఒకచోట గుంపుగా ఉంటే లెక్కకు వస్తాం. నాలుగు తాలూకాల్లో చెదిరి ఉంటే ఏ తాలూకాలోనూ లెక్కకు రాము. మనిషి మనిషే, ఓటు ఓటే. కాని గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి ఆ ఓటు విలువ మారిపోతుంది. దీన్ని బాగా చూపించే సభ ఒకటి మనకు చాలా దూరాన ఉంది. అది ఐరోపా పార్లమెంటు. అందులోనూ ప్రజలు నేరుగా ఎన్నుకున్న మొట్టమొదటి సభ, అంటే 1979 నుంచి 1984 వరకు నడిచిన సభ గురించి ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

అంతకుముందు కూడా ఈ సభ ఉండేది. 1952లో బొగ్గు, ఉక్కు పరిశ్రమల ఉమ్మడి వ్యవహారాలు చూడడానికి ఆరు దేశాలు కలిసి 78 మందితో ఒక సభ పెట్టుకున్నాయి. అదే పెరిగి పెరిగి, 1970ల నాటికి తొమ్మిది దేశాల నుంచి 198 మందితో నడిచింది. వీరిని జనం ఎన్నుకోలేదు. ఆయా దేశాల పార్లమెంట్లు తమ సభ్యుల్లోంచే కొందరిని ఎంచి పంపేవి. మన రాజ్యసభకు శాసనసభలు సభ్యులను ఎన్నుకునే పద్ధతి గుర్తు తెచ్చుకోండి, కొంతవరకు అటువంటిదే. ఇక ప్రజలే ఎన్నుకోవాలని 1976లో ఒప్పందం కుదిరింది. 1979 జూన్ 7 నుంచి 10 వరకు పోలింగు జరిగింది. బ్రిటన్, డెన్మార్క్, ఐర్లండ్, నెదర్లండ్స్ దేశాల్లో గురువారం, మిగిలిన ఐదు దేశాల్లో ఆదివారం. ఎవరి అలవాటు వారిది. అన్నిచోట్లా పోలింగు ముగిసేదాకా ఎక్కడా ఓట్ల లెక్కింపు మొదలు పెట్టరాదని మాత్రం కట్టుబాటు. మొత్తం మీద నూటికి 62 మంది దాకా ఓటు వేశారు. బ్రిటన్‌లో మాత్రం మూడోవంతు మంది కూడా గడప దాటలేదు.

స్థానాల పంపకం చూద్దాం. పశ్చిమ జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీ, బ్రిటన్ నాలుగూ పెద్ద దేశాలు, తలా 81. నెదర్లండ్స్‌కు 25, బెల్జియంకు 24, డెన్మార్క్‌కు 16, ఐర్లండ్‌కు 15, చిట్టచివర లక్సెంబర్గ్‌కు 6. కూడితే 410. బోర్డు మీద కూడిక వేయించడానికి మంచి లెక్క ఇది. కూడిక అయ్యాక భాగహారం చేయించాలి, అసలు సంగతి అక్కడుంది. లక్సెంబర్గ్ జనాభా అప్పట్లో మూడున్నర లక్షలు దాటి కొంచెం. అంటే అరవై వేల మందికి ఒక సభ్యుడు. జర్మనీలో ఏడున్నర లక్షల మందికి ఒకడు. ఇదేమి న్యాయమని పిల్లలు వెంటనే అడుగుతారు. చిన్న దేశానికి అసలు గొంతు లేకుండా పోకూడదని, అందులోని వేర్వేరు పార్టీలకు కూడా కాస్త చోటు దక్కాలని పెద్ద దేశాలు తగ్గాయి. అంతవరకు బాగానే ఉంది.

కాని ఈ ఉదారబుద్ధి దేశాల మధ్యనే, దేశం లోపల ఉన్న జాతుల దాకా రాలేదు. డెన్మార్క్ జనాభా యాభై ఒక్క లక్షలు, దానికి 16 స్థానాలు. స్కాట్లండ్ జనాభా కూడా ఇంచుమించు అంతే. తనదైన న్యాయవ్యవస్థ, తనదైన చదువుల పద్ధతి ఉన్న పాతకాలపు రాజ్యం అది. కాని బ్రిటన్‌లో భాగం కాబట్టి బ్రిటన్ వాటాలోంచి దానికి వచ్చినవి 8. డెన్మార్క్ దేశం కనుక పదహారు, స్కాట్లండ్ దేశం కాదు కనుక ఎనిమిది. సరిహద్దుకు అటు పక్కవాళ్లను, ఇటు పక్క మనల్ని తలుచుకుంటే ఈ తేడా మీకు వేరే వివరించనక్కర లేదు.

డెన్మార్క్ వాటాలో మరో విశేషం. ఎక్కడో ఉత్తరధ్రువం దగ్గర మంచులో ఉండే గ్రీన్‌లండ్‌కు ఆ పదహారులో ఒక స్థానం ప్రత్యేకంగా కేటాయించారు. జనాభా యాభై వేలు. అక్కడి నుంచి ఫిన్ లింగే అనే ఆయన సభకు వచ్చాడు. అయినా గ్రీన్‌లండ్ ప్రజల మనసు నిలవలేదు. తమ చేపల వేటపై పెత్తనం తమకే ఉండాలన్నారు. 1982లో ఓటు వేసి బయటికి పోతామని తీర్పు చెప్పారు, 1985 ఫిబ్రవరిలో పోయారు. సీటు ఇవ్వగానే సమస్య తీరిపోతుందని అనుకోవడానికి లేదు.

ఇక దేశాల లోపల ఏం జరిగిందో చూడండి. ఎన్నిక ఎలా జరపాలన్నది ఆయా దేశాల ఇష్టానికే వదిలేశారు. అందువల్ల ఒకే సభకు తొమ్మిది రకాల ఎన్నికలు జరిగాయి. బెల్జియం తన 24 స్థానాలను భాషను బట్టే విడదీసింది. డచ్చి మాట్లాడేవారికి 13, ఫ్రెంచి మాట్లాడేవారికి 11. ఆ దేశపు తూర్పు అంచున జర్మన్ మాట్లాడే చిన్న సముదాయం ఒకటుంది. వాళ్లు ఫ్రెంచివారి వరసలోనే నిలబడి ఓటు వేయవలసి వచ్చింది. వారికంటూ ఒక స్థానం 1994లో గాని రాలేదు. రెండు పెద్ద భాషలు పంచుకు కూర్చున్నప్పుడు మూడోది అడుగున పడటం మనమెరగని సంగతా?

ఇటలీ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఆల్ప్స్ కొండల్లో దక్షిణ టిరోల్ అనే ప్రాంతం ఉంది. మొదటి ప్రపంచయుద్ధం దాకా అది ఆస్ట్రియాలో ఉండేది. యుద్ధం ముగిశాక గీత మారింది, జనం మారలేదు. జర్మన్ మాట్లాడే ఊళ్లన్నీ ఇటలీలో పడ్డాయి. ముస్సోలినీ కాలంలో అక్కడి బళ్లలో జర్మన్ చెప్పడం మానిపించారు. అప్పుడు పల్లెల్లో కొందరు ఇళ్లలోనూ, కొట్టాల్లోనూ పిల్లలను చాటుగా కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. వాటిని నేలమాళిగ బళ్లు అని పిలిచేవారు. చాలామంది వయసు మళ్లని ఆడపిల్లలే పంతులమ్మలు. పట్టుబడితే శిక్ష. ఒక ఉపాధ్యాయుల కుటుంబంలో పుట్టి పెరగడం వల్లనేమో, ఈ సంగతి చదివినప్పుడల్లా నేను కాసేపు పుస్తకం మూసేస్తాను.

1979లో ఇటలీ ఎన్నికల చట్టం రాసేటప్పుడు ఈ చరిత్రను మరువలేదు. ఫ్రెంచి, జర్మన్, స్లోవీన్ మాట్లాడే మూడు సరిహద్దు సముదాయాలకు ఒక వెసులుబాటు ఇచ్చారు. వారు సొంత జాబితా పెట్టుకుని దాన్ని ఒక పెద్ద పార్టీ జాబితాతో ముడివేసుకోవచ్చు. రెండింటి ఓట్లు కలిపి స్థానాలు లెక్కిస్తారు. చిన్న జాబితాలోని అభ్యర్థికి వ్యక్తిగతంగా యాభై వేల ఓట్లు పడితే, ఆ ఉమ్మడి వాటాలో అతనికి ఒక స్థానం దక్కుతుంది. ఈ దారిన దక్షిణ టిరోల్ నుంచి యోయాకిం డాల్సాస్ సభకు వచ్చాడు. ఇందులో నామినేషన్ లేదు, దయాధర్మం లేదు. ఓట్లు తెచ్చుకుంటేనే సీటు. కాని చెదరకుండా తెచ్చుకునే వీలు కల్పించారు. మన దేశంలో ఆంగ్లో ఇండియన్లకు లోక్‌సభలో నామినేషన్ పద్ధతి ఉండేది, 2020లో అది పోయింది. రెండు పద్ధతుల్లో ఏది గట్టిదో మీరే ఆలోచించండి.

ఐర్లండ్ ద్వీపం ఉత్తరాన మరో ఉదాహరణ ఉంది. బ్రిటన్ తన 81లో 78 స్థానాలను మన లోక్‌సభ పద్ధతిలోనే నింపింది. ఒక నియోజకవర్గం, ఎక్కువ ఓట్లు ఎవరికి పడితే వారిదే. ఉత్తర ఐర్లండ్‌కు ఉన్న 3 స్థానాలకు మాత్రం ఈ పద్ధతి పెట్టలేదు. పెడితే మూడూ ప్రొటెస్టెంటు పార్టీలే ఎగరేసుకుపోతాయి, కాథలిక్కులకు ఒక్కటి కూడా మిగలదు. వీధుల్లో తుపాకులు పేలుతున్న రోజులవి. అందుకని ఆ ప్రాంతమంతా ఒకే నియోజకవర్గం చేసి, ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యం రాసే బదిలీ ఓటు పెట్టారు. మన రాజ్యసభ ఎన్నికల్లో ఉన్నది ఇదే. ఫలితంగా గొంతు చించుకునే ప్రొటెస్టెంటు మతాచార్యుడు ఇయాన్ పెయిస్లీ, మెత్తగా మాట్లాడే కాథలిక్కు బడిపంతులు జాన్ హ్యూమ్, వీరితోపాటు జాన్ టేలర్ గెలిచారు. ఊళ్లో ఒకరి గడప ఒకరు తొక్కని పక్షాల వాళ్లు ఒకే విమానంలో సభకు పోవలసి వచ్చింది. బ్రిటన్ మిగతా భాగంలో మాత్రం లిబరల్ పార్టీకి నూటికి పదమూడు ఓట్లు పడినా ఒక్క స్థానం రాలేదు. కన్సర్వేటివ్ పార్టీకి సగం ఓట్లతో 60 వచ్చాయి. ఒకే దేశం, ఒకే ఎన్నిక, రెండు కొలమానాలు.

ఇలా తలా ఒక దారిన వచ్చిన 410 మందినీ సభలో ఎలా కూర్చోబెట్టారు? దేశాల వారీగా కాదు. అదే ఈ సభ ప్రత్యేకత. భావాలు కలిసినవారు దేశాలు మరిచి ఒక కూటమిగా కూర్చోవాలి. సోషలిస్టులు 113 మంది, క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీల వారు 107, బ్రిటిష్ కన్సర్వేటివ్‌లు ముఖ్యంగా ఉన్న కూటమి 64, కమ్యూనిస్టులు 44, లిబరల్‌లు 40, ఫ్రెంచి గాలిస్టులు, ఐర్లండ్ వారు కలిసినది 22. మిగిలిన ఇరవై మందిలో తొమ్మండుగురు ఏ కూటమిలోనూ చేరలేదు. పదకొండు మంది మాత్రం ఒక గమ్మత్తయిన కూటమి కట్టారు. దాని సంగతి కొంచెం తీరికగా చెప్పుకోవాలి.

కూటమిగా గుర్తింపు ఉంటేనే సభలో మాట్లాడే సమయం, కార్యాలయ గది, గుమాస్తాలు, కమిటీల్లో చోటు. ఒంటరిగా ఉన్నవాడికి ఇవన్నీ అరకొర. మూడు దేశాల నుంచి పది మంది కలిస్తే కూటమి కట్టవచ్చని నిబంధన. ఇటలీ నుంచి మార్కో పనెల్లా, ఎమ్మా బొనీనో వంటి రాడికల్ పార్టీ వారు, అసలు ఈ ఐరోపా సమాజమే వద్దనే డెన్మార్క్ వారు నలుగురు, ఐర్లండ్ నుంచి నీల్ బ్లేనీ అనే స్వతంత్రుడు, బెల్జియం నుంచి ఫ్లెమిష్ భాషాభిమాని మౌరిట్స్ కోప్పియెటర్స్. ఇలాంటి వారంతా చేతులు కలిపారు. వీరిలో ఏ ఇద్దరికీ అభిప్రాయాలు పూర్తిగా కలవవు. ఆ సంగతి దాచుకోలేదు కూడా. తమది కేవలం సాంకేతిక కూటమి అని పేరులోనే చెప్పుకున్నారు. పెద్ద కూటములకు ఇది నచ్చలేదు. పదిని పెంచి ఇరవై దాటించాలని చూశాయి. పనెల్లా బృందం సవరణల మీద సవరణలు, వేల సంఖ్యలో గుప్పించి సభ పని సాగనివ్వకుండా అడ్డుకుంది. చివరికి పెద్దలే తగ్గారు. ఆ పది అనే అంకె చిన్నవారికి ప్రాణం. దాన్ని సభ నియమావళిలో ఎవరూ చూడని పేజీలో రాసి పెడతారు. మన ఊరి సహకార సంఘం నిబంధనల్లో కోరం ఎంతో ఎప్పుడైనా చూశారా?

భాషల మాటకు వద్దాం. ఆ సభకు ఆరు భాషలు: డేనిష్, డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్. సభ్యుడు తన భాషలో మాట్లాడితే, హాలు చుట్టూ గాజు గదుల్లో కూర్చున్న దుబాసీలు అప్పటికప్పుడు మిగతా అయిదింటిలోకి మారుస్తారు. వినేవాడు చెవికి గొట్టం తగిలించుకుని తన భాష మీట నొక్కుకుంటాడు. ఆరు భాషలంటే ఒక్కొక్కదాని నుంచి అయిదింటికి, మొత్తం ముప్ఫయి దారులు. 1981 జనవరిలో గ్రీసు చేరింది, 24 మంది సభ్యులు పెరిగి సభ 434 అయింది, గ్రీకుతో ఏడు భాషలయ్యాయి. దారులు ఎన్ని? ఏడారులు నలభై రెండు. ఒక్క భాష చేరితే పన్నెండు దారులు పెరిగాయి. ఇప్పుడు ఆ పార్లమెంటులో 24 భాషలున్నాయి, 2024 ఎన్నికల్లో 720 మందిని ఎన్నుకున్నారు. 24ను 23తో హెచ్చవేసే పని మీకే వదిలేస్తున్నాను.

అయితే ఈ ఆరు భాషల్లో ఎవరి భాషలు లేవో కూడా గమనించాలి. అవి తొమ్మిది దేశాల ప్రభుత్వ భాషలు. వేల్స్ ప్రజల వెల్ష్ లేదు, బ్రిటనీ ప్రాంతపు బ్రెతన్ లేదు, సార్డీనియా దీవి భాష లేదు. లక్సెంబర్గ్ వారు ఇంట్లో మాట్లాడుకునే లక్సెంబర్గిష్ సైతం లేదు. ఐర్లండ్ వారి ఐరిష్‌కు ఒప్పందాల్లో చోటిచ్చారు గాని రోజువారీ సభాకార్యకలాపాల్లో ఇవ్వలేదు.

1979 జూలై 17న సభ మొదటిసారి సమావేశమైంది. చోటు ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరం. రైన్ నది ఇవతలి ఒడ్డు ఫ్రాన్సు, అవతలి ఒడ్డు జర్మనీ. 1871లో ఈ నగరం జర్మనీ పాలయింది, 1918లో ఫ్రాన్సుకు వచ్చింది, 1940లో మళ్లీ జర్మన్‌లు పట్టుకున్నారు, యుద్ధం చివర తిరిగి ఫ్రాన్సుకు దక్కింది. ఊరు కదలకుండా డెబ్బై నాలుగేళ్లలో నాలుగుసార్లు దేశం మారిన మనుషులు అక్కడున్నారు. అందుకే ఆ ఊరిని ఎంచుకున్నారు. సభ కార్యాలయం మాత్రం లక్సెంబర్గ్‌లో, కమిటీల సమావేశాలు బ్రస్సెల్స్‌లో. నెలనెలా కాగితాల పెట్టెలు లారీలకెక్కి ఊళ్లు తిరిగేవి. ఖర్చు దండగ అని అప్పటి నుంచీ సణుగుడు ఉంది, కాని తన ఊరి సీటు వదులుకునే వాడెవడు?

ఎవరికన్నా వయసులో పెద్దవారు మొదటి సమావేశానికి అధ్యక్షత వహించాలి. ఆ పెద్ద లూయిజ్ వైస్ అనే ఫ్రెంచి రచయిత్రి, 86 ఏళ్లు. ఫ్రాన్సులో ఆడవారికి ఓటు లేని 1930లలో ఓటు కోసం వీధికెక్కి పోరాడిన మనిషి. ఆ రోజే పెయిస్లీ లేచి, బయట బ్రిటిష్ జెండాను తలకిందులుగా కట్టారని అభ్యంతరం చెప్పాడు. సభ మొదలైందనడానికి అంతకంటే గుర్తేముంటుంది!

తరువాత అధ్యక్ష ఎన్నిక. పోటీలో ఇటలీ సోషలిస్టు మారియో జగారి, ఇటలీ కమ్యూనిస్టు జోర్జియో అమెండోలా, ఫ్రాన్సు నుంచి సిమోన్ వేయ్ తదితరులు ఉన్నారు. మొదటి విడతలో ఎవరికీ సగం దాటలేదు. రెండో విడతలో సిమోన్ వేయ్ 192 ఓట్లతో గెలిచింది. ఆమె ఉన్నది 40 మంది లిబరల్ కూటమిలో, అంటే సంఖ్యలో అయిదో స్థానం. క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులు, బ్రిటిష్ కన్సర్వేటివ్‌లు తోడు నిలవడం వల్ల ఆ పీఠం ఎక్కింది. పెద్ద కూటమి నాయకుడే అధ్యక్షుడు కావాలన్న నియమం ఏమీ లేదు, నలుగురిని కలుపుకోగలగాలి.

ఈమె గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1927లో నీస్ నగరంలో యూదు కుటుంబంలో పుట్టింది. 1944లో పదహారో ఏట, బడి చివరి పరీక్షలు రాసిన కొద్దిరోజులకే నాజీలు పట్టుకుని తల్లి, అక్కతో సహా ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి తోలారు. చేతి మీద సంఖ్య పొడిచారు. తల్లి మరో శిబిరంలో ప్రాణం విడిచింది. తండ్రి, అన్న ఎటో తరలింపబడి తిరిగి రాలేదు. బతికి బయటపడిన ఈ పిల్ల న్యాయశాస్త్రం చదివి, న్యాయశాఖలో పనిచేసి, 1974లో ఫ్రాన్సు ఆరోగ్యమంత్రి అయింది. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన 1975 నాటి చట్టం ఆమె తెచ్చినదే. అందుకు సభలోనూ బయటా పడరాని మాటలు పడింది. ఇటువంటి మనిషి, రైన్ నది ఒడ్డున, 81 మంది జర్మన్ సభ్యులు కూడా కూర్చున్న సభకు అధ్యక్షురాలైంది. యుద్ధం ముగిసి ముప్ఫయి నాలుగేళ్లు. ఆ సభలో ఆడవారు ఆరింట ఒక వంతుకు అటూ ఇటూగా ఉన్నారు, అప్పటి మన లోక్‌సభలో ఆ మాత్రమూ లేరు.

కుర్చీ వచ్చింది, అధికారం ఎంత? నిజం చెప్పాలంటే తక్కువే. చట్టాలు చేసేది దేశాల మంత్రుల మండలి. పార్లమెంటు అభిప్రాయం చెప్పాలి, అంతే. చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఒక్కటి, బడ్జెట్టును తిరస్కరించే హక్కు. సభ కొలువుతీరి ఆరు నెలలు కాకముందే, 1979 డిసెంబరు 13న, 288 ఓట్లకు 64 ఓట్లతో మరుసటి ఏటి బడ్జెట్టును తిప్పి కొట్టింది. మూడింట రెండు వంతులకు పైగా సొమ్ము వ్యవసాయ ధరల ఆసరాకే పోతున్నదని, మిగతా పనులకు ఏమీ మిగలడం లేదని అభ్యంతరం. ఆ బడ్జెట్టుపై సభ తరఫున నివేదిక రాసినవాడు నెదర్లండ్స్ సోషలిస్టు పీట్ డాంకర్ట్. అప్పుడు ఏం చేశారు? పాత బడ్జెట్టులో పన్నెండో వంతు చొప్పున నెల నెలా ఖర్చు పెట్టుకుంటూ 1980 జూలై దాకా లాక్కొచ్చారు.

మరుసటి ఏడు న్యాయస్థానం నుంచి మరో బలం వచ్చింది. మొక్కజొన్న నుంచి తీసే చక్కెర పాకం మీద మంత్రుల మండలి 1979లో ఒక నిబంధన చేసింది, పార్లమెంటు అభిప్రాయం చేతికందకముందే. అది చెల్లదని ఐరోపా న్యాయస్థానం 1980 అక్టోబరు 29న కొట్టివేసింది. అడిగినట్టు నటిస్తే చాలదు, చెప్పేదాకా ఆగాలి అన్నది తీర్పు సారాంశం. ఉత్త సలహాదారుకు ఆనాటి నుంచి బేరమాడే శక్తి వచ్చింది. ఆలస్యం చేయగలగడమే ఒక అధికారమని తాలూకా కచేరీ మెట్లు ఎక్కినవారికి తెలియనిది కాదు.

అధ్యక్ష పదవి రెండున్నరేళ్లు మాత్రమే. 1982 జనవరిలో రెండో సగానికి ఎన్నిక జరిగితే, బడ్జెట్టు వీరుడు డాంకర్ట్ పలు విడతల ఓటింగు తర్వాత జర్మనీకి చెందిన ఎగోన్ క్లెప్ష్‌ను ఓడించి గెలిచాడు. అతని దేశానికి ఉన్నవి 25 స్థానాలు, ప్రత్యర్థి దేశానికి 81. జెండాను బట్టి ఓటు పడి ఉంటే అతను గెలిచేవాడు కాదు. ఇక ఇటలీ వృద్ధుడు ఆల్టియెరో స్పినెల్లి, యవ్వనంలో ముస్సోలినీ చెరలోనూ ద్వీపాంతర నిర్బంధంలోనూ పదహారేళ్లు గడిపినవాడు, ఐరోపా ఐక్యతకు ఒక ముసాయిదా ఒప్పందం తయారుచేసి 1984 ఫిబ్రవరి 14న సభ చేత 237 ఓట్లతో ఆమోదింపజేశాడు. ప్రభుత్వాలు దాన్ని యథాతథంగా తీసుకోలేదు. తరువాతి ఒప్పందాల్లో మాత్రం దాని ఛాయలున్నాయి.

చరిత్ర పుస్తకాల్లో ఈ బడ్జెట్టు, ఈ ముసాయిదా పెద్ద అక్షరాలతో ఉంటాయి. నా మటుకు నాకు ఈ సభ చేసిన పనుల్లో 1981 అక్టోబరు 16 నాటి తీర్మానమే ముఖ్యం. ప్రాంతీయ భాషలు, సంస్కృతుల గురించి, అల్పసంఖ్యాక జాతుల హక్కుల గురించి ఐరోపా పార్లమెంటు చేసిన తొలి తీర్మానం అది. నివేదిక రాసినవాడు ఇటలీ సోషలిస్టు గయెటానో ఆర్ఫే. అంతకుముందే ఈ విషయం సభ ముందు పెట్టినవారిలో జాన్ హ్యూమ్ ఒకడు. చూశారా, ఉత్తర ఐర్లండ్‌లో బదిలీ ఓటు పెట్టకపోతే ఆయన సభలోనే ఉండేవాడు కాదు. తీర్మానం మూడు రంగాలను పట్టుకుంది. బడిలో ఆ భాష చెప్పాలి, శిశువిహారం నుంచి విశ్వవిద్యాలయం దాకా. రేడియో, టెలివిజన్‌లలో ఆ భాషకు వేళ కేటాయించాలి. కచేరీలోను, కోర్టులోను జనం తమ భాషలో మాట్లాడుకునే వీలుండాలి.

తీర్మానం చట్టం కాదు. ప్రభుత్వాలు వినవచ్చు, వినకపోవచ్చు. మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. ఐరోపా తీర్మానం కంటే మన మాట పాతికేళ్లు ముందుది, రాజ్యాంగంలో ఉన్నది కాబట్టి బలమైనది కూడా. అయినా తెలుగు సెక్షనులో పిల్లలు తగ్గారని, టీచరు పోస్టు ఖాళీగా ఉందని, పుస్తకాలు దసరా దాటాక వచ్చాయని ఎన్ని సరిహద్దు బళ్లలో వినలేదు మనం! పక్క రాష్ట్రాన్ని నిందించడం తేలిక. తెలుగు మాధ్యమంలో వేసే తల్లిదండ్రులు కూడా తగ్గిపోయారన్నది అంతే నిజం.

ఆర్ఫే తీర్మానానికి మాత్రం కొంత వెనకబలం దొరికింది. 1982లో డబ్లిన్ నగరంలో తక్కువ వాడుకలో ఉన్న భాషల కోసం ఒక కార్యాలయం వెలిసింది. 1983 ఐరోపా బడ్జెట్టులో ఈ భాషల పేరిట మొదటిసారిగా ఒక పద్దు పడింది. నాటి ఐరోపా ఉమ్మడి ద్రవ్యమైన ఎక్యూ లెక్కన ఒక లక్ష. ఆ మహా బడ్జెట్టులో అది చెరువులో చెంబుడు నీళ్లు. కాని పద్దు అంటూ పడ్డాక ప్రతి ఏడూ దాని మీద చర్చ జరుగుతుంది, ఎందుకు పెంచలేదని అడిగే హక్కు వస్తుంది. అదే స్ట్రాస్‌బర్గ్‌లో ఉండే వేరొక సంస్థ, ఐరోపా మండలి, 1992లో ఈ భాషల రక్షణకు ఒక ఒప్పంద పత్రం తెచ్చింది. ఫ్రాన్సు 1999లో సంతకం పెట్టింది గాని ఆమోదముద్ర మాత్రం వేయలేదు. స్ట్రాస్‌బర్గ్ ముసలివాళ్లు ఇంట్లో మాట్లాడే ఆల్సేషియన్‌కు ఆ పత్రం నీడ ఈనాటికీ లేదు.

యానాం శ్రోతలకు ఒక మాట. 1956 ఒప్పందం ప్రకారం ఫ్రెంచి జాతీయతను ఎంచుకునే అవకాశం పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం ప్రాంతాల్లో పుట్టినవారికి 1962లో ఇచ్చారు. అందువల్ల ఈ కథ మీకు మా అందరికన్నా కొంచెం దగ్గరిది. మా ఏడో తరగతి అమ్మాయి ప్రశ్నకు నేను వేలు పెట్టి చూపించగలిగిన చోటు కూడా మీదే. పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికయ్యే స్థానాలు 30, అందులో యానాంకు 1. వందల కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్ర నేల ఉన్న ఆ ఊరికి గీత విడిగా గీశారు కాబట్టే ఆ ఒక్కటి ఉంది. అదే ఊరు పుదుచ్చేరి పట్టణంలో నాలుగు వీధులుగా ఉండి ఉంటే ఉండేది కాదు. ఈ మాట చెబితే ఆ అమ్మాయి, "మరి మన తాలూకాకు అలా గీయవచ్చు కదా?" అంది. నియోజకవర్గాల పునర్విభజన పాఠం పై తరగతిలో వస్తుందని చెప్పి గంట కొట్టగానే బయటపడ్డాను. ఆ పాఠం ఇంకా బాకీ ఉన్నాను.

1984 జూన్‌లో ఐరోపా మళ్లీ ఓటు వేసింది. జూలైలో కొత్త సభ కూర్చుని డాంకర్ట్‌ను ఓడించి పియెర్ ఫ్లిమ్లాన్‌ను అధ్యక్షుణ్ణి చేసింది. ఆయన అంతకుముందు ఇరవై నాలుగేళ్ల పాటు స్ట్రాస్‌బర్గ్‌కు మేయరు. ఆ సభ సంగతులు మరోసారి. సెలవు.